గంట లేని షెడ్డు

ఆ రోజు నరహరి కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు.

పొద్దున ఏడున్నరకు పరుశురాంను సూరత్ ఉధ్నాలో, అంబదాస్ సేటు మగ్గాల కార్ఖానాలో దింపాడు. దింపినవాడు దింపినట్టు బమ్రోలికి పోయి తన షెడ్డు తాను చూసుకోవచ్చు కదా! పోలేదు. ఎదురుగా ఉన్న బండి దగ్గర చాయ్ తాగాడు. స్టేషన్ దాకా నడిచాడు. మళ్ళీ వచ్చి ఇంకో చాయ్ తాగాడు. తొమ్మిదిన్నరకల్లా ఆ చాయ్‌వాడు ఇతన్ని చూడగానే అడక్కుండానే గ్లాసు కడగడం మొదలుపెట్టాడు.

పది గంటలకు కార్ఖానాలోకి తొంగి చూశాడు. పదకొండున్నరకు మళ్ళీ చూశాడు. మూడోసారి అంబదాస్ సేటు పట్టేశాడు.

"ఏంది నరహరీ, బిడ్డను బడిల దించిన తల్లోలె తిరుగుతున్నవ్? పో, బువ్వ తిని రా. నీ మనిషిని నేనేం మింగ."

"అట్లేం లేదు సేటూ. గిటు పనుండి వచ్చిన."

"నీకు గిటు ఏం పనున్నదో నాకు ఎరుకే. పో."

నరహరి నవ్వినట్టు చేసి బయటికొచ్చాడు. లోపల ఇరవై నాలుగు సాంచాలు మోగుతున్నాయి. కరెంటు మగ్గాన్ని మనవాళ్ళు సాంచ అంటారు. ఆ మోతలో ఇరవై ఏళ్ళుగా బతుకుతున్నవాడికి మోత వినపడదు, అది ఆగితేనే వినపడుతుంది. కానీ ఇవాళ ప్రతి సాంచ చప్పుడూ విడివిడిగా చెవిలో పడుతోంది. పరుశురాం నడుపుతున్నది ఏ మూలదో కూడా తెలుస్తోంది.

నరహరి పని చిత్రమైనది. జైలు నుంచి విడుదలైన వాళ్ళకు సాంచ పని నేర్పి, కార్ఖానాల్లో కుదిర్చిపెట్టే కేంద్రం నడుపుతాడు. ఒక ట్రస్టు జీతమిస్తుంది. బమ్రోలిలో అద్దె షెడ్డు, నాలుగు పాత సాంచాలు, పక్కనే అయిదు మంచాల గది. నేర్పడం మూడు నెలల పని. కుదర్చడమే ముక్కోటి దేవతలకు మొక్కుకునే పని. సూరత్‌లో సాంచాలకు కొదవ లేదు, సేట్లకూ కొదవ లేదు. అయినా ఊరి బయటి లాజ్‌పోర్ జైలు పేరెత్తగానే ఒక్కొక్క సేటుకు ఒక్కొక్క అర్జెంటు పని గుర్తొస్తుంది. పరుశురాం విషయంలో ఇప్పటికి ఆరుగురు సేట్లకు అలాంటి పనులు గుర్తొచ్చాయి.

ఏడోవాడు అంబదాస్. షోలాపూర్ నుంచి భీవండి, భీవండి నుంచి సూరత్ చేరిన పద్మశాలి. అరవై దాటాయి. ఆయన మాట ఒకటే. "ఒక్క దినం పని చేపిచ్చి చూస్త. చెయ్యి మంచిదైతే ఈయనను పెట్టుకుంట, హోలీ లోపల నీ షెడ్డుల ఉన్న నల్గురినీ తీసుకుంట. మంచిగ లేకుంటే మళ్ళ ఈ ముచ్చట నా దగ్గర తేవద్దు."

అంటే ఈ ఒక్క దినం మీద అయిదుగురి బతుకు ఆనుకుని ఉంది. గదిలో పరుశురాం మంచం గడువు నెలాఖరుతో సరి. ఆ తర్వాత ఎక్కడికి పోతాడు? పదకొండేళ్ళ కింద ఉధ్నాలోనే ఒక అద్దె గదిలో తాగిన గొడవలో ఒక ప్రాణం పోయింది. పరుశురాం జైలుకు పోయాక ఊరివాళ్ళు అతని పేరు తీయడమే మానేశారు. బయటికొచ్చి నాలుగు నెలలైంది. ఈ షెడ్డు తప్ప అతనికి సూరత్‌లో తలుపు లేదు.

పొద్దున జరిగింది తలుచుకుంటే మాత్రం నరహరికి గర్వంగానే ఉంది. పరుశురాం సేటు ముందు నిటారుగా నిలబడి, నేర్పినట్టే చెప్పాడు.

"నేను జైలుకు పొయ్యొచ్చిన. సాంచ పని నేర్చుకున్న. నమ్మి పనియ్యుండ్రి."

ఈ మూడు మాటలూ నరహరి బడిలో మొదటి పాఠం. పోగు ముడెయ్యడం కంటే ముందు ఇది. వాళ్ళు అడగక ముందే చెప్పాలె అంటాడు. మనం దాస్తే అది మన మెడకే చుట్టుకుంటది అంటాడు. నాలుగు సాంచాలూ ఆన్ చేసి, ఆ మోతలో అవతలి గోడ దగ్గర నిలబడి, "ఇనపడ్తలేదు, జోరుగ చెప్పు!" అని అరుస్తాడు. కొందరికి మొదటి మాట నోట్లోంచి ఊడిపడటానికే పది రోజులు పడుతుంది. పరుశురాంకు పదిహేడు రోజులు పట్టింది.

అంబదాస్ విని తల ఊపాడు. "మీ సారు చెప్పిండు. కాని నీ నోటెంట ఇంటే మంచిగనిపించింది. చేతికి పని నేర్పొచ్చు, నోటికి నిజం నేర్పరాదు. అబద్దమాడేటోని చేతిల నేను సాంచ పెట్టను." అని నరహరి భుజం మీద చెయ్యేశాడు. "గీ నరహరిని చూడు. మా భీవండోడు. పదిహేడేండ్ల సంది ఎరుక."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నరహరి ఆ చెయ్యి ఉన్న భుజాన్ని కొంచెం కిందికి దించాడు.

ఎందుకంటే నరహరి భీవండి మొహం చూసి ఎరగడు.

ఇరవయ్యొక్కేళ్ళ వయసులో, తన ఊళ్ళో కల్లు కాంపౌండు ముందు జరిగిన కొట్లాటలో అతని చేతిలో ఒక కర్ర ఉంది. దెబ్బ తిన్నవాడు మూడో రోజు పోయాడు. ఏడేళ్ళు పడ్డాయి. బయటికొచ్చి, ఎవరూ ఎరగని చోటని సూరత్ రైలెక్కాడు. ఈ ఏడేండ్లు ఎక్కడ పని చేసినవ్ అని మొదట ఎవరో అడిగితే భీవండి అన్నాడు. ఒకసారి అన్నాక ఇక అదే. తర్వాత అంబదాస్ కార్ఖానాలో చేరితే ఆయన నిజంగానే భీవండివాడు! ఏ గల్లీ అంటే పద్మానగర్ అన్నాడు, తెలుగువాళ్ళంతా అక్కడే ఉంటారని విన్నాడు గనక. ఏ సేటు అంటే చచ్చిపోయిన సేటు పేరొకటి చెప్పాడు. భీవండి నుంచి వచ్చిన ప్రతివాడికీ చాయ్ తాగించి, ఆ ఊరి సందులూ గొందులూ అడిగి తెలుసుకున్నాడు. చూడని ఊరిని అంత బాగా తెలిసినవాడు ఇంకొకడుండడు.

ట్రస్టువాళ్ళు జైలు నుంచి వచ్చినవాళ్ళకు పని నేర్పేవాడు కావాలని వెతికినప్పుడు ముందుకొచ్చింది నరహరే. ఎందుకొచ్చాడో అతనికీ సరిగా తెలియదు. వాళ్ళు పాత సంగతులు అడగలేదు, ఇతను చెప్పలేదు. భార్య వినోదకు మాత్రం అంతా తెలుసు. పెళ్ళికి ముందే చెప్పాడు. ఆ మూడు మాటల పాఠం సంగతి విన్న రోజు ఆమె రొట్టె తిప్పుతూ ఒకే మాట అంది. "నీ బడిల అందరు పాసైతరు, నువ్వొక్కనివే ఫేలు." ఆ మాట అతనికి ఆరేళ్ళుగా అరగలేదు.

నాలుగు గంటలకు సుమన ఫోన్ చేసింది. ట్రస్టులో ఈ కేంద్రం బాధ్యత ఆమెదే. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగులో మొదలుపెట్టి హిందీలో తేలుతుంది.

"సార్, క్యా హువా? పరుశురాం ఎట్ల చేస్తున్నడు?"

"పొద్దున నాలుగు సాంచలిచ్చిండ్రు. బువ్వ తిన్నంక ఆరు నడుపుతున్నడు. ఒక్క తాకా బట్ట గూడ పాడు కాలే."

"అరే వా! మరి మీ గొంతు గట్లెందుకుంది?"

"ఏం లేదు. ఎండ."

జనవరి నెల. ఎండెక్కడిది? నరహరి ఫోన్ జేబులో పెట్టి మళ్ళీ నడవడం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచీ కాలుగాలిన పిల్లిలా ఎందుకు తిరుగుతున్నాడో అతనికి అప్పుడు తెలిసింది. పరుశురాం చేతుల గురించి అతనికి ఏ బెంగా లేదు. బెంగంతా ఏడు గంటల గురించి.

అంబదాస్ కార్ఖానాలో ఒక రివాజుంది. వేరే చోట పగటిపాళీవాడు దిగి రాత్రిపాళీవాడు ఎక్కుతాడు, సాంచ ఆగదు. ఇక్కడ మాత్రం పొద్దునా సాయంత్రం ఏడింటికి సేటు తన చేత్తో మెయిన్ స్విచ్ ఆపుతాడు. దూలానికి గొలుసుతో వేలాడదీసిన రైలు పట్టా ముక్కను ఇనుప రాడ్‌తో మూడు దెబ్బలు కొడతాడు. పది నిమిషాలు సాంచాలకు నూనె పోస్తారు, తర్వాత పాళీ మారుతుంది. షోలాపూర్ మిల్లులో వాళ్ళ నాయన కాలం నుంచి వచ్చిన అలవాటట.

జైల్లో గంట కూడా అదే. అలాంటి పట్టా ముక్కే, అలాంటి చప్పుడే.

నరహరి ఈ కార్ఖానాలో పదకొండేళ్ళు పనిచేశాడు. మొదటి ఆరు నెలలు గంట మోగే వేళకు పాయిఖానాలో దూరి చెవులు మూసుకున్నాడు. తర్వాత అలవాటైంది అనుకున్నాడు, కాలేదు. ఇక్కడ మానేసి కేంద్రం నడపడం మొదలుపెట్టాక, సుమన ఒకసారి చెప్పింది కూడా. "సార్, పెద్ద కార్ఖానాల సైరన్లుంటయ్, గంటలుంటయ్. మన షెడ్డుల గూడ ఒకటి పెడితే మనోళ్ళకు ఆదత్ అయితది కద?" మంచి మాట. "వద్దమ్మా, నాకు తలనొప్పి," అని కొట్టిపారేశాడు నరహరి. బమ్రోలి షెడ్డులో పని ముగిసిందంటే, అతను చప్పట్లు కొట్టి చాలు అంటాడు, అంతే. ఇవాళ పొద్దున కూడా ఏడింటికి రమ్మని సేటంటే, ఏవో సాకులు చెప్పి ఏడున్నర చేసుకున్నది తనే. తన చెవులు కాపాడుకున్నాడు. పరుశురాం చెవుల గురించి ఆలోచించలేదు.

'ఒక్క మాట ముందే చెప్పినా అయ్యేది,' అనుకున్నాడు. 'ఏడింటికి గంట కొడతరు, భయపడకని.' లోపలికి పోయి ఇప్పుడైనా చెబుదామా? చెబితే, గంటకు భయమెందుకైతదో మీకెట్ల ఎరుక సారూ అని అడిగితే? అడుగుతాడా? అడగకపోవచ్చు. అడిగితే?

ఈ లెక్కలోనే ఆరైంది, ఆరున్నరైంది. చాయ్‌వాడు బండి మీద లైటు వేశాడు.

ఏడు కావస్తుండగా నరహరి లోపలికి నడిచాడు. చెప్పేద్దామనే నడిచాడు. పరుశురాం ఆరు సాంచాల మధ్య తిరుగుతున్నాడు, తెగిన పోగును రెండు వేళ్ళతో తీసి, ముడేసి, హ్యాండిల్ లాగాడు. ఆ ముడి చూస్తే ముచ్చటేసింది. అతను నరహరిని చూసి నవ్వాడు. నాలుగు నెలల్లో అతని పళ్ళు కనపడటం అదే మొదలు.

"పరుశురాం! జరసేపట్ల..." అని నరహరి అరిచాడు. మోతలో అది వినపడలేదు.

సేటు స్విచ్ ఆపాడు.

ఇరవై నాలుగు సాంచాలూ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో గంట మోగింది. ఒకటి. రెండు. మూడు.

పరుశురాం చేతిలో ఉన్న దారపు కండె కింద పడింది. అతను దాన్ని తీయలేదు. నడుస్తున్నట్టు కాకుండా ఎవరో నడిపిస్తున్నట్టు గోడ దగ్గరికి పోయాడు. గోడకు వీపు పెట్టి గొంతుకూచున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి, తల దించుకున్నాడు.

మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. "ఏమైంది భయ్యా, కడుపుల నొస్తున్నదా?" అని ఒకడు అడిగాడు. ఇంకొకడు కిసుక్కున నవ్వాడు. రాత్రిపాళీకి వచ్చినవాడొకడు జేబులోంచి ఫోన్ తీసి పైకెత్తాడు. నూనె డబ్బా పట్టుకుని సేటు అటు తిరిగాడు.

పరుశురాం ఎడమ చెయ్యి మోకాలి మీద నుంచి దిగి, పక్కనున్న ఖాళీ నేలను తట్టింది. మళ్ళీ తట్టింది.

ఆ తట్టడం ఏమిటో ఆ కార్ఖానా మొత్తంలో ఒక్క నరహరికే తెలుసు. జైల్లో గంట కొట్టగానే గిన్తీ, అంటే తలల లెక్క, జోడీ జోడీగా కూచోవాలి. వార్డరు రెండు, నాలుగు, ఆరు అని లెక్కపెట్టుకుంటూ పోతాడు. పక్కన జోడీ లేనివాడు దొరికితే లెక్క తప్పుతుంది, మళ్ళీ మొదటి నుంచి గిన్తీ, తిట్లు, దెబ్బలు. అందుకని ఒంటరిగా మిగిలినవాడు పక్క నేలను తడతాడు. ఎవరైనా తొందరగా రండి, ఇక్కడ కూచోండి అని.

"పరుశురాం, లేవయ్య. ఇది కార్ఖానా," అన్నాడు నరహరి. అతని గొంతు అతనికే సన్నగా వినపడింది.

పరుశురాం లేవలేదు. గిన్తీ కాకుండా ఎవడు లేస్తాడు?

అబద్ధం నరహరి నాలుక చివర సిద్ధంగా ఉంది. బీపీ మనిషి సేటూ, పొద్దటి సంది సరిగ తినలే, కళ్ళు తిరిగినయ్. ఎంత సులువు! ఇరవై ఏళ్ళ సాధకం. సేటు నమ్ముతాడు కూడా, భీవండోని మాట కదా. భుజం పట్టి లేపి, బయటికి తీసుకుపోయి, నీళ్ళు తాగిస్తే అయిపోతుంది. కానీ రేపు ఏడింటికి? ఎల్లుండి ఏడింటికి? రోజుకు రెండుసార్లు గంట మోగుతుంది. ఎన్ని బీపీలు చెబుతాడు?

పరుశురాం తల ఎత్తాడు. కళ్ళ నిండా భయం.

"సారూ," అన్నాడు మెల్లగా. "జోడీ లేదు."

నరహరి వెళ్ళి అతని పక్కన గొంతుకూచున్నాడు. మోకాళ్ళు విరిగినట్టు నొప్పి పుట్టింది, నలభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు కదా. కానీ ఎలా కూచోవాలో ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు. వీపు గోడకానింది, చేతులు మోకాళ్ళ మీదికి పోయాయి, తల దానంతటదే వంగింది. సిగ్గుతో ఒళ్ళు కాలిపోతోంది. ఆ కాలే ఒంట్లోంచే గట్టిగా అరిచాడు.

"ఏక్ జోడీ! గిన్తీ బరాబర్!"

పరుశురాం పొడుగ్గా ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి. లేచి నిలబడ్డాడు. అప్పుడు చూశాడు సాంచాలను, జనాన్ని, తనవైపు తిరిగి ఉన్న ఫోన్‌ను. మొహం చేతుల్లో దాచుకున్నాడు.

అంబదాస్ సేటు మాత్రం పరుశురాంను చూడటం లేదు. ఇంకా గోడ దగ్గరే కూచుని ఉన్న నరహరిని చూస్తున్నాడు. ఆ కూచున్న తీరును చూస్తున్నాడు. నూనె డబ్బా కింద పెట్టాడు.

"భీవండిల గిట్లనే కూసుంటరా నరహరీ?"

ఒక్కడూ నవ్వలేదు. ఫోన్ పట్టుకున్నవాడు దాన్ని మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

నరహరి గోడ పట్టుకుని లేచాడు. "భీవండి నేను చూడనే లేదు సేటూ. ఏడేండ్లు జైల్ల ఉన్న. నా చేతుల ఒక మనిషి సచ్చిపోయిండు."

"ఎన్నడు?"

"మీ దగ్గరికి రాకముందు."

సేటు ఒకడుగు దగ్గరికొచ్చాడు. మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు, అది ఉంటే నరహరికి బాగుండేది.

"నా బిడ్డ పెండ్లిల వడ్డనంత నీ చేతుల మీద నడిచింది. నాకు పానం బాగ లేనప్పుడు కార్ఖానా తాళం నీకే ఇచ్చిన. పద్మానగర్ల మా కాక ఇంటి ముచ్చట చెప్తే, ఆ ఇల్లు నాకెరుకే అన్నవ్ గదరా! నేను మురిసిపోయిన." కళ్ళు తుడుచుకున్నాడు. "జైలుకు పోతే పోయినవ్. నేను వద్దంటుంటినా?"

"అప్పుడు అంటరేమో అని భయపడ్డ సేటూ."

"అప్పుడంటే సరే. పదిహేడేండ్లల్ల ఒక్కనాడు గూడ భయం తీరలేదా?"

నరహరి వంగి, పరుశురాం జారవిడిచిన కండెను తీసి సాంచ మీద పెట్టాడు.

సేటు పరుశురాం వైపు తిరిగాడు. "నువ్వు రేపు రా. ఏడింటికే రా, ఏడున్నరకు కాదు. గంట కొట్టేముందు నీ దగ్గరికొచ్చి చెప్పి కొడత. అలవాటయ్యేదాక రోజూ చెప్త." తర్వాత నరహరిని చూడకుండానే అన్నాడు. "ఆ నల్గురిని గూడ పంపు. ఎవని ముచ్చట వాడే చెప్పుకోవాలె. నువ్వు మాత్రం కొన్ని దినాలు నాకు కానరాకు."

"మరి వాళ్ళకు జామీను నేనే ఉండాలె గద సేటూ," అన్నాడు నరహరి అలవాటు కొద్దీ.

"ఆళ్ళు ముందే నిజం చెప్పిండ్రు. ఆళ్ళకు నీ జామీను ఎందుకు?"

అని స్విచ్ వేశాడు. సాంచాలు మోగాయి.

బయట రోడ్డు మీద ఆటోలు, సైకిళ్ళు, పాళీ దిగినవాళ్ళు. నరహరి వడివడిగా నడిచాడు. పొద్దుటి నుంచీ కాళ్ళలో ఉన్న ఆరాటం తగ్గలేదు, కానీ ఇప్పుడు ఎటు పోవాలో తెలియని నడక కాదు. పరుశురాం రెండడుగుల వెనక వస్తున్నాడు. పని దొరికినవాడి మొహం కాదు అతనిది, ఏదో పగలగొట్టినవాడి మొహం.

"నా వల్లనే మీకు గిట్లయింది సారూ."

"నీ వల్ల కాదు. షెడ్డుల గంట పెట్టనిచ్చేది ఉండె. నా భయానికి నిన్ను బలి పెట్టిన."

తర్వాత పరుశురాం పక్కకొచ్చి, సొంతవాణ్ణి అడిగినట్టు అడిగాడు.

"మీది ఎన్నో బ్యారక్ సారూ?"

ఇరవై ఏళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. జవాబు వెతుక్కోవలసిన పనే లేకపోయింది.

"మూడు. కిటికీ పక్కకు."

"కిటికీ పక్కకా! అదృష్టం," అన్నాడు పరుశురాం. నరహరికి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

చాయ్ బండి దగ్గరికి చేరేసరికి సుమన ఫోన్. "సార్, బోలో! అయ్యిందా?"

"అయ్యిందమ్మా. రేపటి సంది పనిల ఉంటడు. మిగతా నల్గురిని గూడ తీసుకుంటరు." ఆమె అటు కేక పెట్టింది. కేక అయ్యేదాకా ఆగాడు. "ఇంకోటి. రేపు పాత ఇనుము దుకాణంల ఒక పట్టా ముక్క చూడాలె. మన షెడ్డుల గంట కట్టాలె."

"ఇప్పుడెందుకు సార్? మీకు తలనొప్పి కద?"

నరహరి నోరు తెరిచాడు. చెబితే ఈ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ట్రస్టువాళ్ళు ఏమంటారో తెలియదు. చుట్టూ కార్ఖానాల మోత. ఫోన్ నోటికి దగ్గరగా పట్టుకున్నాడు.

"నేను జైలుకు..." అన్నాడు.

"హలో? సార్? ఏమీ ఇనపడ్తలేదు."

పరుశురాం అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "జోరుగ చెప్పుండ్రి సారూ. సాంచల సప్పుడుల గూడ ఇనపడాలె."

నరహరి జోరుగా చెప్పాడు. చాయ్‌వాడు గ్లాసు కడుగుతూ కడుగుతూ తలెత్తి చూశాడు.